ఊఁ కొట్టే మనిషి కథ రాశాడు

మా ఊళ్ళో కథలు రాసేవాళ్ళు ఏడుగురు, వినేవాడు ఒక్కడు. ఆ ఒక్కడికీ కళ్ళజోళ్ళ షాపు ఉంది. షాపు వెనక, చూపు పరీక్షించే గదిలో ప్రతి ఆదివారం సాయంత్రం రచయితల సంఘం కూడేది. ఒక గోడకి, కిందికి పోయేకొద్దీ అక్షరాలు చిన్నవయ్యే అట్ట. మిగతా గోడల నిండా ఫ్రేములు. చదువుతున్న రచయిత తలెత్తితే వందల కళ్ళజోళ్ళు తననే చూస్తున్నట్టు ఉండేది. వాటి వెనక కళ్ళు లేవన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

షాపాయనను అందరూ ఊఁగారు అనేవారు. సరైన చోట ఊఁ కొట్టడం ఆయన విద్య. కష్టానికి ఒక ఊఁ, మలుపుకి దీర్ఘం తీసిన ఊఁ, కథానాయిక చచ్చిపోతే గొంతులోనే ఆగిపోయే ఊఁ. సిమెంటు వ్యాపారి కథల్లో ప్రతి కథానాయికా చచ్చిపోయేది కాబట్టి ఆ మూడోది బాగా అరిగిపోయింది. ఆయన ఊఁ కొడుతుంటే మిగతావాళ్ళు తలలు ఊపుతూ ఎవరి కాగితాలు వాళ్ళు దిద్దుకునేవారు. చదవడం అయ్యాక "ఎలా ఉంది?" అని అడిగితే, "ముందు దానికంటే ఇది బాగుంది" అనేవాడు ఊఁగారు. జనం కళ్ళముందు అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అని ఒక జీవితకాలం అడిగిన నోరు అది. ఆ జవాబుకి నొచ్చుకున్న రచయిత లేడు.

ఏడాదికొకసారి ఆయన విలువ ఇంకా పెరిగేది. ఒక వారపత్రిక కొత్త రచయితల కోసం ప్రత్యేక సంచిక వేసేది. ఒక్కో సంఘం ఒక్క కథే పంపాలి. పంపినదల్లా అచ్చేసేవారు, సంఘాలన్నీ చందాదారులే మరి. ఏ కథ పంపాలో ఓట్లు వేసి తేల్చుకునేవారు. కాకిపిల్ల కాకికి ముద్దు కనుక ఏడుగురూ ఎవరికి వాళ్ళే వేసుకునేవారు. తేల్చేది ఊఁగారి ఓటు. ఆయన కథని బట్టి వేసేవాడు కాదు, వంతులవారీగా వేసేవాడు. గెలిచినవాడు మాత్రం అది తన ప్రతిభే అనుకునేవాడు.

అలాంటి మనిషి, తలంతా నెరిశాక, ఒక కథ రాశాడు. చూపు బాగానే ఉన్న మనిషి ఒకడు, పెద్దమనిషిలా కనబడాలని కళ్ళజోడు పెట్టించుకుంటాడు. అదీ కథ. అంతవరకూ ఊఁగారు తన పేరు అచ్చులో చూసుకున్నది కళ్ళజోళ్ళ డబ్బాల మీదే. ఒక్కసారి పత్రికలో చూసుకుంటే చాలు, ఇక ఏ కోరికా లేదన్నాడు. ఆ మాట నమ్మనిది ఆయన భార్య ఒక్కతే.

కౌంటర్లో బిల్లులు రాసేది ఆవిడే. కస్టమర్లు లేనప్పుడల్లా ఈయన కాగితాలు పట్టుకుని నిలబడేవాడు.

"ముగింపు మార్చానోయ్. ఇది బాగుందా, ముందుది బాగుందా?"

"రెండూ మసకేనండీ."

సంఘంలో మాత్రం ఆదరణ పొంగిపొర్లింది. అధ్యక్షుడు, రిటైరైన లెక్చరరు, ఆయన్ని అద్దం పక్కకి తీసుకెళ్ళి భుజం తట్టాడు. "ఇన్నాళ్ళూ మమ్మల్ని మోశావు తమ్ముడూ. నా ఓటు నీకే. పైకి అనకు." సిమెంటాయన షట్టరు దగ్గర చెయ్యి పట్టుకున్నాడు. "బావా, నాది నీకే. ఆ ముసలాయనకి మాత్రం తెలియనివ్వకు." స్కూలు టీచరమ్మ మెట్ల మీద ఆగి, "మీకు కాక ఇంకెవరికి అన్నయ్యగారూ!" అంది. మిగతా నలుగురూ అదే మాట నాలుగు రకాలుగా అన్నారు. ఊఁగారు అక్షరాల అట్ట తుడిచి, ఆదివారానికి కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

ఆయన చదవడం మొదలుపెట్టగానే ఒక లోటు బయటపడింది. గదిలో ఊఁ కొట్టేవాడు లేడు. ఒక పేజీ అయింది, రెండో పేజీ అయింది. ఏడు తలలూ ఏడు కాగితాల మీద వంగి ఉన్నాయి. మూడో పేజీలో మంచి మలుపు వచ్చింది. ఊఁగారు ఆగాడు, చూశాడు, అలవాటు చొప్పున తనే "ఊఁ" అనుకుని ముందుకు పోయాడు.

చీటీలు విప్పారు. ఎనిమిది చీటీలు, ఎనిమిది పేర్లు. అందరికీ ఒక్కొక్క ఓటే.

ఊఁగారు ఏడు మొహాలూ చూశాడు. ఏడుగురూ ఫ్రేముల్ని చూస్తున్నారు.

"చిక్కే వచ్చిందే," అన్నాడు అధ్యక్షుడు, ఎవరో చేసిన తప్పుని క్షమిస్తున్నట్టు. "గడువు రేపటితో సరి. రాయని మనిషి ఒకరు కావాలి. అమ్మా, ఒకసారి ఇలా రా! మా కథలన్నీ తలుపు అవతల నుంచి వింటూనే ఉన్నావుగా?"

"ఆవిడ మొగుడికి కాక మనకేస్తుందా?" అన్నాడు సిమెంటాయన.

ఊఁగారి ప్రాణం లేచి వచ్చింది. సిమెంటాయన అన్న మాటే ఆయన మనసులోనూ ఉంది.

ఆవిడ గుమ్మంలో నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంది. "టీచరుగారిది పంపండి."

"ఎందుకమ్మా?"

"టీ నీళ్ళు మరిగేలోపు అయిపోయింది."

ఆ రాత్రి భోజనం దగ్గర ఆయన కంచంకేసే చూస్తూ, "పరాయివాళ్ళు వెయ్యలేదంటే సరే. నువ్వు కూడానా?" అన్నాడు.

"ఇంట్లో పదిసార్లు విన్నానుగా. అది చాలదా?"

"ఒక్క ఓటేగా!"

"వేస్తే రెండోది రాస్తారు."

టీచరమ్మ కథ అచ్చయింది. పత్రికవాళ్ళు పేరు మార్చారు, చివరి పేరా కోసేశారు. అయినా ఆవిడ ఆ సంచికని పసిబిడ్డలా ఎత్తుకుని తెచ్చింది. పత్రిక చేతులు మారింది. ప్రతివాళ్ళూ విషయసూచిక మీద వేలు పెట్టి, పొరపాటునైనా తమ పేరు పడిందేమో వెతికి, పక్కవాళ్ళకి ఇచ్చేశారు. ఊఁగారు రెండుసార్లు వెతికాడు.

తర్వాత సిమెంటాయన తన కొత్త కథ తీశాడు. మొదటి పేజీలోనే కథానాయికకి దగ్గు మొదలైంది. రెండో పేజీలో రక్తం పడింది. సిమెంటాయన గొంతు బరువు చేసుకుని, ఆగి, ఎదురు చూశాడు.

ఏమీ రాలేదు.

ఊఁగారు లెన్సుల పెట్టె మీద కాగితాలు పెట్టుకుని, నాలుక కొన పళ్ళమధ్య పెట్టి, తన ముగింపు దిద్దుకుంటున్నాడు. తల మాత్రం చక్కగా ఊపుతున్నాడు.

"ఈయనకేమైంది?" అన్నాడు సిమెంటాయన, కథానాయికని చావనివ్వకుండా.

"రచయిత అయ్యాడయ్యా," అన్నాడు అధ్యక్షుడు తన కాగితాల మీంచి తలెత్తకుండా. "వాళ్ళావిడని పిలవండి."

పిలిచారు. కౌంటర్ దగ్గర నుంచే జవాబు వచ్చింది.

"ఎన్ని పేజీలో ముందు చెప్పండి!"