లాంపు రూములో మోగిన ఫోన్

ఆ పొద్దున ఫస్ట్ షిఫ్టుకు నాకు టిఫిన్ కడుతూ నా భార్య సరోజ, "ఏందోనయ్యా, మెట్టెలు బిగుసుకపోయినయి, ఒత్తుతున్నయి" అంది. సబ్బు నురగ రాసి తీశాను. వేళ్ల మీద లోతుగా గాడి పడింది. "ఇంట్ల కూసొని తిని లావైనవ్ తియ్యి" అని ఎగతాళి చేసి డ్యూటీకి పోయాను.

నేను గోదావరిఖనిలో బొగ్గు తీసే అండర్‌గ్రౌండ్ బాయిలో పనిచేస్తాను. వారం తిరగకముందే సరోజ ముఖం కూడా ఉబ్బింది. అన్నం చూస్తేనే వాంతి. దవాఖానలో రక్తపరీక్ష చేయించాం. "క్రియాటినిన్ చాలా ఎక్కువుంది, కిడ్నీలు పాడయ్యాయి. ఇది నిన్న మొన్న వచ్చింది కాదమ్మా. బీపీ మాత్రలు ఎందుకు ఆపేశావు?" అని డాక్టర్ మేడం అడిగింది. సరోజకు బీపీ ఉందన్న సంగతే నాకు తెలియదు.

డయాలసిస్ సూదులు గుచ్చేందుకు చేతి రక్తనాళాలు కలిపి ఫిస్టులా పెట్టారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. పక్క బెడ్డు మీద ఆటో మెకానిక్ ఖాజా భాయ్ ఉండేవాడు. ఇద్దరూ నాలుగు గంటలూ కూరల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఇద్దరికీ కూరల్లో ఉప్పు లేదు మరి.

నా కిడ్నీ ఇస్తానన్నాను. షుగర్ ఉందని వద్దన్నారు. బ్రెయిన్ డెత్ అయినవాళ్ల కిడ్నీ కోసం హైదరాబాద్‌లో పేరు రాయించాం. ఫారం నింపుతూ ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ఫోన్ నంబరు అడిగింది. సరోజ తన నంబరు చెప్పబోయింది. "వాళ్లు ఇంగ్లీషుల మాట్లాడితే నీకు సమజైతదా?" అని నేనే ఆపి, నా నంబరు రాయించాను. గ్యాసుకూ, పిల్ల బడికీ, అన్నిటికీ నా నంబరే. ఇంటి మొగోణ్ని కదా.

బాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. లాంపు రూములో అప్పగించి, తల దీపం తీసుకుని దిగుతాం. అర్జంటైతే ఇంటివాళ్లు బాయి పైన ఉండే పిట్ ఆఫీసుకు ఫోన్ చేస్తారు, అక్కడి నుంచి కిందికి కబురొస్తుంది. మా కాలనీలో చిన్న పిల్లలకు కూడా ఆ నంబరు నోటికి వచ్చు. హైదరాబాద్‌వాళ్లకు అది తెలియదని నాకు తట్టనే లేదు.

పదినెలల తర్వాత ఒకరోజు షిఫ్టు దిగి ఫోన్ తీసుకుంటే తెర నిండా మిస్డ్ కాల్సే. వెంటనే తిరిగి చేశాను. "సర్, కిడ్నీ మ్యాచ్ అయింది. రెండు గంటలు ట్రై చేశాం. ఇంక ఆగలేక తర్వాతి పేషెంటును పిలిచాం" అంది కోఆర్డినేటర్. మంచి తెలుగులోనే చెప్పింది.

ఇంటికి పోయేసరికి సరోజ గడప దగ్గర చిక్కుడుకాయలు తుంచుతోంది. పక్కనే ఆమె ఫోన్. విషయం చెప్పి కూలబడి ఏడ్చాను. తిడుతుందనుకున్నాను. కాయలు తుంచుతూనే, "నా ఫోను పొద్దటి సంది చేతిలనే ఉండె గదయ్యా" అంది. తర్వాత, "లే, కాళ్లు కడుక్కో. ఆకలితోని ఉన్నవు" అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు పోయి డాక్టర్ మేడంకు చెప్పాను. ఆమె ఊరుకోలేదు. హైదరాబాద్ డాక్టర్లతో మాట్లాడింది. ఒక్కో పేషెంటుకు నాలుగేసి నంబర్లు రాసి పంపింది: పేషెంటుది, పక్కింటివాళ్లది, డయాలసిస్ యూనిట్‌ది, ఇంటివాళ్లు పనిచేసే చోటుది, మాకైతే పిట్ ఆఫీసుది. పరీక్షలన్నీ ఇక్కడే చేసి రిపోర్టులు ముందుగానే అక్కడికి చేర్చేవారు. నెలకోసారి రెండు దవాఖానల డాక్టర్లూ వీడియోలో కూర్చుని ఒక్కొక్కరి గురించి మాట్లాడుకునేవారు.

సరోజకు రెండో పిలుపు రాలేదు. వానాకాలంలో ఫిస్టులా మూసుకుపోయింది. డయాలసిస్ ఆగకుండా మెడకు క్యాథెటర్ గొట్టం వేశారు. దానికి ఇన్ఫెక్షన్ సోకి రక్తంలోకి పాకింది. ఐసీయూలోకి పోయేముందు, "గా కిడ్నీ ఎవలకు వచ్చిందో, మంచిగున్నరా, అడిగినవా?" అంది. అడగలేదన్నాను. "అడుగు" అంది. ఆరో రోజు పోయింది.

ఆ తర్వాత రెండు నెలలకు ఖాజా భాయ్‌కి కిడ్నీ వచ్చింది. అతని ఫోన్ స్విచాఫ్‌లో ఉంటే పక్కింటి నంబరు పలికింది. అయిదు గంటల్లో హైదరాబాద్ చేరాడు. కోలుకుని వచ్చి నా చేతులు పట్టుకుని, "సరోజక్క నసీబు నాకొచ్చింది భాయ్" అని ఏడ్చాడు. నాకు సంతోషమే అయింది. కుళ్లు కూడా పుట్టింది. అబద్ధమెందుకు చెప్పాలి?

ఇప్పుడు సెలవు రోజున డయాలసిస్ యూనిట్‌కు పోయి, కొత్తగా వచ్చినవాళ్ల నంబర్లన్నిటికీ ఒకసారి ఫోన్ చేసి చూస్తాను. "ఏంది కాకా, మళ్ల చేస్తివి?" అని విసుక్కుంటారు. విసుక్కోనీ. సరోజ అడగమన్నది కూడా అడిగాను. పేరు చెప్పరట. మంచిగానే ఉన్నారని మాత్రం చెప్పారు.

మీ ఇంట్లో ఎవరి పేరైనా వెయిటింగ్ లిస్టులో ఉంటే, ముందుగా పేషెంటు చేతిలో ఉండే ఫోన్ నంబరు రాయించండి. మీది ఆ తర్వాత. సరోజ నంబరు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఆ రోజు ఫారం ముందు కూర్చున్నప్పుడు కూడా వచ్చు.