నాయనమ్మ భోజనం మీద గీత

మా నాయనమ్మ పదకొండో రోజు భోజనాలను నేనే రద్దు చేశాను. ఎవరికీ చెప్పకుండా, నాకు కూడా తెలియకుండా. అదెలా సాధ్యమంటారా? వినండి.

అప్పట్లో నాకో కొత్త పిచ్చి. మామూలు అక్షరాల పక్కన చిన్న గుర్తులు పెడితే, ఫోను వాటిని అచ్చు వేసినట్టు మార్చేస్తుంది. మాటకు అటూ ఇటూ నక్షత్రం పెడితే లావవుతుంది. కింది గీత పెడితే వాలుతుంది. పంపాక ఆ గుర్తు మాయమై, చేసిన పనే మిగులుతుంది, పెళ్లిలో వంటవాళ్లలా. దుఃఖంలో ఈ కుతూహలమేమిటని అడక్కండి. ఏడ్చి ఖాళీ అయిన బుర్ర దేన్నయినా పట్టుకుంటుంది.

చర్లలో మా ఇంట్లో సిగ్నల్ ఉండదు. బాబాయి భద్రాచలం వెళ్తుంటే, బంధువుల గ్రూపులో పెట్టమని ఆయన ఫోన్‌లోనే పిలుపు రాసిచ్చాను. "తప్పక రండి"కి నక్షత్రాలు తొడిగాను. "మధ్యాహ్న భోజనం" మరీ బోసిగా అనిపించి, అటూ ఇటూ అలలాంటి గుర్తు పెట్టాను, పీటకు ముగ్గు వేసినట్టు. ఆ అలకూ ఒక పని ఉంటుందని నాకేం తెలుసు?

నాన్నది ఒకటే పట్టింపు. వచ్చినవాళ్లలో ఒక్కరు తినకుండా వెళ్లినా వాళ్లమ్మ ఆకలితో ఉన్నట్టేనని గుండిగల నిండా వండించాడు.

ఆ రోజు మధిర నుంచి మా మేనత్త పులిహోర క్యారేజీతో దిగింది. విస్తరి వేయబోతే వద్దంది.

"భద్రాచలంలో తినేసే వచ్చాంరా."

"నేను గూడ దార్లనే తిన్న," అన్నాడు జూలూరుపాడు మామయ్య. వెనకాల వచ్చినవాళ్లదీ అదే మాట.

నాన్న ముఖం వాడిపోయింది. "ఏందక్కా గిది? అమ్మ పేరు మీద బువ్వ వద్దంటరా?"

"మేం వద్దనడం ఏంట్రా! మీరే కొట్టేశారుగా!"

అత్త ఫోన్ చూపించింది. "తప్పక రండి" లావుగా, నల్లగా ఉంది. "మధ్యాహ్న భోజనం" నడుం మీదుగా గీత.

"రమ్మని ఇంత లావుగా రాసి అన్నం కొట్టేస్తే, పాపం ఏం ఇబ్బందొచ్చిందో అనుకున్నాం. ఎలా అడుగుతాం?"

నేను బాబాయి వైపు తిరిగాను. "నువ్వు చూడలేదా?"

"చూసిన. సదువుకున్నోనివి గదా, సోంచాయించే కొట్టేసినవ్ అనుకున్న."

నాన్న అందరినీ ఒకసారి చూశాడు. "అమ్మ వడ్డిస్తే ఒక్కపాలే తిని లేసినోళ్లు మీలో ఎవరన్న ఉన్నరా?"

ఎవరూ లేరు. తిన్నామన్నవాళ్లకే ఆమె మళ్లీ వడ్డించేది. అత్త నవ్వింది, ఏడ్చింది, చివరికి విస్తరి ముందు కూర్చుంది. ఆమె పక్కన మామయ్య. తర్వాత అందరూ.

నేను నాయనమ్మ ఫొటో ముందు చేయి చాచి గంభీరంగా ఒట్టు పెట్టాను. "బతికున్నంత కాలం, అందం కోసమైనా సరే, ఎవరి అన్నం మీదా గీత గీయను."

"నీ ఒట్లు తర్వాత," అని అరిచాడు నాన్న. "ముందు పప్పుచారు పట్కరా!"