తలంటు పోసిన రూపాయలు

ఆ రోజుల్లో నాకు రెండే భయాలుండేవి. ఒకటి ఉద్యోగం పోతుందని, రెండోది ఉద్యోగం పోయిందని ఎవరికైనా తెలుస్తుందని. వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు, వర్తూరులో ముగ్గురితో కలిసి ఒక గది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా వరుసలో ఎవరో ఒకరిని ఇరవై నిమిషాల మీటింగుకి పిలిచేవాళ్ళు. సోమవారానికి ఆ కుర్చీ ఖాళీగా ఉండేది. మిగిలినవాళ్ళం ఆ కుర్చీ వైపు చూడకుండా కాఫీకి వెళ్ళడం నేర్చుకున్నాం. నా వయసు అప్పుడు ఇరవై ఆరు. ఆ వయసులో మనిషికి ధైర్యం ఉండాలంటారు. నాకు మాత్రం జేబులో గ్యాస్ మాత్రలుండేవి.

గదిలో మాకందరికీ పెద్దవాడు చార్టన్న. (అసలు పేరు వేరు. ఫోనులో ఎప్పుడూ ఏదో ఒక ధర గీత పైకి పోతుంటే చూస్తూ ఉండేవాడు కనుక ఆ పేరొచ్చింది.) నా ముఖం చూసి ఒకరోజు జాలిపడ్డాడు. "తమ్ముడూ, శాలరీని నమ్ముకోకు. సిల్వర్ కొను. అందులోనూ ఓల్డ్ కాయిన్స్ అయితే డబుల్ బెనిఫిట్. మెటల్ వాల్యూ ఒకటి, ఏజ్ వాల్యూ ఒకటి" అన్నాడు. ఆయన మాత్రం జీతమంతా బ్యాంకు డిపాజిట్‌లో వేసుకునేవాడని తర్వాత తెలిసింది. అప్పటికి ఆలస్యమైంది.

ఒక వాట్సాప్ గ్రూపులో నాకు ఒకాయన దొరికాడు. ఆయనకి నేను పెట్టుకున్న పేరు జమీందారు. నెలకోసారి మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర కలిసేవాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి, మడతలు విప్పి, రాజుగారి బొమ్మ ఉన్న వెండి రూపాయలు చూపించేవాడు. "మా ముత్తాత పెట్టెలోవి సార్. బయటోళ్ళకి ఇయ్యను. మీ ముఖం చూసి ఇస్తుండా" అనేవాడు. ఆ ముత్తాత పెట్టె ఎంత పెద్దదో గాని ఎన్ని నెలలు తీసినా తరగలేదు. ఆ అనుమానం నాకు ఒక్కసారీ రాలేదు. పైగా ఆయన వంశగౌరవానికి నేను వారసుణ్ణయినట్టు ఛాతీ ఉబ్బేది. రాత్రి భోజనం మాని అరటిపళ్ళతో సరిపెట్టుకున్నాను, పండక్కి ఊరికి పోకుండా టికెట్టు డబ్బులు మిగిల్చాను. ఏడాది తిరిగేసరికి ముప్ఫై రెండు వెండి రూపాయలు పోగయ్యాయి, పాత సాక్సులో.

(అదే ఊళ్ళో, కాటన్‌పేటలో మా అమ్మకి వరసకు అన్నయ్య ఉన్నాడు. నాకు మామ. మూడు తరాలుగా వెండి వ్యాపారం. ఆయన్ని ఒక్క మాట అడగొచ్చు కదా అని మీరంటారు. కంప్యూటరు చదువు చదివినవాణ్ణి, కొట్లో కూర్చునే మామని సలహా అడగడమా? అంత తెలివైనవాణ్ణి నేను.)

ఒక శుక్రవారం నన్నూ పిలిచారు. ఇరవై నిమిషాలన్నారు గాని పదకొండు నిమిషాల్లోనే అయిపోయింది.

గదిలో ఎవరికీ చెప్పలేదు. ఇంటికీ చెప్పలేదు. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, బ్యాగు తగిలించుకుని బయల్దేరి, వర్తూరు చెరువు గట్టు మీద కూర్చునేవాణ్ణి. చెరువు వాసన భరించలేనిదిగా ఉండేది. అయినా నన్ను ఏమీ అడగనిది అదొక్కటే. అమ్మ ఫోన్ చేసి "ఆఫీసులో ఉన్నావా నాయనా?" అంటే "మీటింగులో ఉన్నానమ్మా" అని గొంతు తగ్గించేవాణ్ణి. ఎదురుగా కొంగలు తప్ప ఎవరూ లేరు.

ఆరు వారాలకి అద్దె కట్టలేని రోజు వచ్చింది. ఇక నాణేలు అమ్మక తప్పదు. అమ్మేముందు కాస్త కళగా ఉండాలని తోచింది. మిగతావాళ్ళు ఆఫీసుకి పోయాక చింతపండు నానబెట్టి, పళ్ళపొడి చల్లి, పాత బ్రష్షుతో ఒక్కొక్కటీ తోమాను. రాజుగారి గడ్డమూ మెడా ఒక్కటయ్యేదాకా తోమాను. కొన్నింటికి అంచుల్లో పసుపు ఛాయ తేలింది. పురాతన వస్తువులు కదా, అలాగే ఉంటాయనుకున్నాను.

మామ కొట్టు చిన్నది. నన్ను చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఏమప్పా, ఈ పొద్దు ఆఫీసు లేదా?"

"సెలవు మామా" అని సాక్సు బల్ల మీద కుమ్మరించాను. ముప్ఫై రెండూ కొత్త గిన్నెల్లా తళతళలాడాయి. మామ ఒకదాన్ని వేలితో అటూ ఇటూ తిప్పాడు.

"ఎవరప్పా వీటికి తలంటు పోసింది?"

"నేనే మామా."

ఒకటి తీసి బండ మీద వేసి చెవి పెట్టి విన్నాడు. ఇంకొకటి వేశాడు. మూడోది వెయ్యలేదు. నాణేలు వదిలేసి నన్ను చూశాడు. "పని పోయినాదా?"

ఆరు వారాల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. తల ఊపాను. మామ లోపలికి కేకేశాడు. "ఏమే, వీనికి ఊట పెట్టు."

ఊటంటే అక్కడ భోజనం. అత్త రాగిముద్దా, మిరియాల చారూ వడ్డించింది. తింటుంటే కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. "కారమైనాదా అప్పా?" అంది. అవునన్నాను. ఆవిడ నమ్మినట్టే నటించి నెయ్యి వేసింది.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మామ తూకం వేసేశాడు. "రుద్ది రుద్ది పాడుచేసినావు. పాతవి సేకరించేటోళ్ళు వీటిని ముట్టుకోరు. వెండి తూకానికి తీసుకుంటా, సరేనా?"

అప్పుడు నేనేం చేశానో రాయడానికి సిగ్గేస్తోంది. బేరం చేశాను. "పాత కాలం వస్తువులు మామా, ఏజ్ వాల్యూ కూడా కొంచెం చూడండి" అన్నాను. మామ నన్నొకసారి చూసి, మరో నాలుగు నోట్లు పైన పెట్టాడు.

ఆ డబ్బుతో రెండు నెలలు గడిచాయి. మూడో నెలలో తక్కువ జీతానికి వేరే ఉద్యోగం దొరికింది. మామ దగ్గరికి మళ్ళీ పోవాలనుకుంటూనే పోలేదు. బంగారం లాంటి నాణేలని తోమి నాశనం చేసుకున్నానన్న దిగులు మాత్రం ఏళ్ళపాటు మోశాను. వేలంలో అలాంటి రూపాయి ధర ఎక్కడైనా చదివితే ఆ పూట అన్నం సయించేది కాదు.

పోయిన ఏడాది మామ పోయాడు. పదకొండో రోజున వెళ్ళాను. అందరూ భోజనాలకి లేచాక అత్త పక్కన కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడాలని ఆ తోముడు సంగతి ఎత్తాను.

"ఏం నాణేలప్పా!" అంది అత్త. "అందులో సగానికి సగం వెండే కాదంట. ఇత్తడి మీద పూత. మీ మామ బండ మీద వేస్తానే మోతలోనే తెలిసిపోయె."

"మరి ఎందుకు చెప్పలేదత్తా?" అన్నాను.

"నేనూ అదే అడిగితి. 'వాని ముఖం చూసినావా, ఇంకొక్క మాట తట్టుకోడు' అన్నాడు." అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే, "పైగా నువ్వు బేరం చేసినావంట గదా!" అని నవ్వేసింది. నాకూ నవ్వొచ్చింది. ఆ ఇంట్లో అలా నవ్వకూడదని ఇద్దరం నోళ్ళు మూసుకున్నాం గాని ఆగలేదు. చివరికి ఎవరం నవ్వుతున్నామో, ఎవరం ఏడుస్తున్నామో తెలియలేదు.

ఇత్తడి బిళ్ళలకి పాతదనం ధర కట్టమన్న ఆ ఇరవై ఆరేళ్ళ మేధావిని తలచుకుంటే ఇప్పుడు కోపం రాదు, నవ్వే వస్తుంది. మామ ఉన్నప్పుడే ఒక్కసారి కాటన్‌పేటకి పోయి ఆయన ఎదురుగా నవ్వి ఉండాల్సింది.