ఇంగ్లీషులో అడిగిన చేపల పులుసు

బందరులో పి.యు.సి. చదివేటప్పుడు ఇంగ్లీషు వ్యాసం అంటే నాకు చెమటలు పట్టేవి. మాట్లాడమంటే నవ్వేసి తప్పించుకోవచ్చు, రాయమంటే ఎక్కడికి పోతాం? ఎంత రాస్తే అన్ని తప్పులు కదా అని రెండు మూడు వాక్యాలు గీకి కలం మూసేదాన్ని. అర్ధసంవత్సరం పరీక్ష తప్పాను. మాది దివిసీమ. నాన్నగారు అక్కడి మిషన్ బడిలో పంతులు. ఆయన కోప్పడలేదు. "ఈసారీ తప్పితే ఇంటికొచ్చేయమ్మా" అన్నారు, అంతే. చదువు మానేయడం తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

అది చాలదన్నట్టు హాస్టల్లో సొరకాయ! ఒకరోజు సొరకాయ పప్పు, మర్నాడు సొరకాయ కూర, ఆ పైరోజు పులుసనేవారు గానీ గరిటె ముంచితే తేలేది సొరకాయే. మేమా, చేప లేనిదే ముద్ద దిగని ఊళ్ళ పిల్లలం. ఓ మధ్యాహ్నం రేవు నుంచి వచ్చిన చేపల గంపలు మా గేటు ముందు నుంచే వెళ్ళిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"వార్డెను గారిని అడుగుదాం పదండే" అన్నాను.

వార్డెను మిషన్ తెల్లదొరసాని. ఏది కావాలన్నా ఇంగ్లీషులో రాసివ్వాలన్నది ఆవిడ నియమం.

"ఎవరు రాస్తారేంటి, నువ్వా?" అంది నా గదిలో ఉండే గుడివాడ అమ్మాయి.

అందరూ గొల్లుమన్నారు. నాకు రోషం పొడుచుకొచ్చింది. అడగందే అమ్మయినా పెట్టదు, దొరసాని పెడుతుందా? కాగితం లాక్కుని కూర్చున్నాను. సొరకాయ మనిషిని ఎంత నీరసపెడుతుందో, మా అమ్మ చింతపండు ఎంత పిసుకుతుందో, పులుసు మర్నాటికి ఎందుకు రుచెక్కుతుందో అంతా రాశాను. పులుసుకి ఇంగ్లీషు మాట తెలీలేదు, పులుసనే రాసేశాను. నవ్విన వాళ్ళే నా భుజాల మీద పడి, "మెంతిపొడి రాయవే! కొత్తిమీర మర్చిపోకే!" అని అరుపులు. ఒక కాగితం నిండితే ఇంకోటి అందించారు.

ఇచ్చి వచ్చాక మాత్రం ఎన్ని తప్పులు రాశానోనని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రం ప్రార్థన కాగానే దొరసాని నా కాగితాలు నా చేతికే ఇచ్చేసి వెళ్ళిపోయింది. చూద్దును కదా, ఎర్ర సిరా తగలని వాక్యం ఒక్కటీ లేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుడివాడ అమ్మాయి కాగితాలు లాక్కుని అడుగున చూసి కెవ్వుమంది.

"శనివారం చేపలు చేయిస్తుందంట! మీ అమ్మ పులుసు ఎలా పెట్టాలో వంటామెకి నువ్వే చెప్పాలంట!"

ఇక చూడాలి మా గంతులు! ఎవరో నన్ను ఎత్తబోయి మంచం మీద పడేశారు. ఆ ఎగురుళ్ళకి నవారు తెగింది. శనివారం దొరసాని కూడా మా బల్ల దగ్గరే కూర్చుని, ముక్కు తుడుచుకుంటూ రెండోసారి వేయించుకుంది. ఆమె తినడం చూస్తుంటే నాకు ఒకటే అనిపించింది. అన్ని తప్పులున్నా నేను చెప్పిందంతా ఆమెకి అర్థమైంది!

పెద్ద పరీక్షలో వ్యాసం రాస్తూ పోయాను. తప్పులు పడితే పడనీ అనుకున్నాను. గంట కొట్టాక కూడా రాస్తుంటే పరీక్ష హాల్లో మాస్టారు నా కాగితం లాక్కోవలసి వచ్చింది.

పాసయ్యాను. పేపర్లో నా నంబరు రెండుసార్లు సరిచూసుకుని నాన్నగారు నావైపు తిరిగారు.

"ఇంగ్లీషు ఎలా గట్టెక్కావమ్మా?"

"సొరకాయ వల్లనండీ" అన్నాను.