గడప మీద బూట్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వాళ్లంతా ఒక ఫోటోకి మొక్కినంత పని చేశారు. దేవుడి పటమైతే సరేననుకుందును. అది ఆస్ట్రేలియాలో ఒక ఇంటి ఫోటో.

మా నాన్నది పోర్టులో ఉద్యోగం. ఆయన చెల్లెలు, మా చిన్నత్తకి సంబంధాలు చూస్తున్న రోజులు. ఆస్ట్రేలియా నుంచి బొగ్గు తెచ్చే ఓడ మీద పనిచేసే దూరపు చుట్టం ఒకతను పెళ్లిచూపులకి వచ్చి, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే జేబులోంచి ఆ ఫోటో తీశాడు. ఎర్ర పెంకుల ఇల్లు, ముందు పచ్చగడ్డి, ప్రహరీ లేదు, రోడ్డు వారన గుంజ మీద ఉత్తరాల డబ్బా. గుమ్మంలో ఈయనగారు, నడుం మీద చేతులు. ఇల్లు తనదేనట. అటుపక్క డాక్టరు, ఇటుపక్క లాయరు ఉంటారట. ఆ వీధిలో కుక్కలు కూడా అరవవట!

మావాళ్ల వెర్రి చూడాలి. పెదనాన్న ఆ గడ్డి రెండు ఆవులకి సరిపోతుందని లెక్కగట్టాడు. పక్కింటావిడ చేతులు తుడుచుకుని మరీ ఫోటో పట్టుకుంది. నేనేమీ తక్కువ తినలేదు, ఆ డబ్బాలో నా పేరుతో ఉత్తరం వేస్తానన్నాను. కాఫీ గ్లాసులతో నిలబడ్డ చిన్నత్త వైపు ఒక్కరూ చూడలేదు.

చివరికి ఫోటో నాయనమ్మ చేతికొచ్చింది. చూపు ఆనక నన్ను పిలిచి, అతని కాళ్లెక్కడున్నాయో చెప్పమంది. గడప మీద, బూట్లతో ఉన్నాయన్నాను.

"ఏటి బావూ, ఇది నీ సొంతిల్లేనా?"

"అవునత్తా."

"సొంత గడపని బూట్లేసుకుని ఎవుడైనా తొక్కుతాడేటి?"

మా ఇళ్లల్లో గడపకి పసుపు రాసి బొట్లు పెడతారు. పాకే పిల్లలు తప్ప ఎవరూ దాని మీద కాలు మోపరు, దాటుతారంతే. అక్కడి పద్ధతులు వేరని అతను నసిగాడు. వంటిల్లు ఏ మూలనుందని అడిగింది నాయనమ్మ. అతను ముందు తూర్పన్నాడు, కాదు పడమరన్నాడు. ఎవరో దొర భోజనానికి పిలిస్తే వెళ్లి, వాళ్ల గుమ్మంలో తీయించుకున్నానని ఒప్పుకున్నాడు.

అతని మీద నాకు నవ్వే వచ్చింది. అసహ్యం పుట్టింది మా నాన్న మాటకి.

"నాకు ముందే అనుమానమేనమ్మా. ఇల్లెవుడిదైతే ఏటి, ఓడ ఉజ్జోగం నిజిమే కదా."

పెదనాన్న తలూపాడు కూడా. నాయనమ్మ కొడుకులిద్దరినీ వదిలేసి చిన్నత్త వైపు తిరిగి, నీకిష్టమేనా అని అడిగింది. ఆ పూట చిన్నత్తని ఎవరైనా అడిగిన మొదటి మాట అది. చిన్నత్త తల అడ్డంగా ఊపి, గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ సంబంధం అక్కడితో సరి.

ఇప్పుడు గాజువాకలో మా అపార్ట్‌మెంటులో ఎవరో ఒకరు ఫోన్ పట్టుకొచ్చి, ఆస్ట్రేలియాలో అల్లుడు కొన్న ఇల్లు వీడియోలో చూపిస్తూనే ఉంటారు. కారు షెడ్డు, గడ్డి, గడ్డి కోసే మిషను. చుట్టూ చేరినవాళ్ల అబ్బోలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. మీ అమ్మాయికి అక్కడ బాగుందా, అడిగారా అంటాను. నోటి దురుసు మనిషినని పేరొచ్చింది. రానీ.

మొన్న ఒకావిడ మాత్రం వీడియో ఆపేసింది. "అడగనేదమ్మా" అంది మెల్లగా. అయితే ఇప్పుడు అడుగు అన్నాను. ఆవిడ కూతురి నంబరు కలిపేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు నేను.