లేని కొడుకును ఇచ్చిన సత్యమ్మ

ఏటా కార్గిల్ విజయ దినమైన జూలై ఇరవై ఆరున శామీర్‌పేట దగ్గరి ఒక ఊరి చౌరస్తాలో సత్యమ్మ కోసం ఒక ఎర్ర కుర్చీ వేస్తారు. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ ఆమె ఎట్లా ఉందో అడిగే తీరిక ఎవరికీ ఉండదు గానీ, ఆ ఒక్క పూట ఆమె వీరమాత.

కార్గిల్‌లో చనిపోయిన ఆమె కొడుకు రాఘవేందర్ విగ్రహం ఆ కుర్చీ వెనకే ఉంటుంది. శిల్పి తన వంతు దేశభక్తిగా దానికి గుబురు మీసం పెట్టాడు. రాఘవేందర్‌కు మీసం సరిగ్గా మొలవనే లేదు. పాతికేళ్లుగా సత్యమ్మ ఆ పరాయి మీసానికే దండ వేస్తోంది.

కార్యక్రమానికి ఒక పద్ధతి ఉంది. మాజీ సర్పంచ్ నరసింహ, ప్రస్తుతం కీసర వైపు ప్లాట్లు అమ్ముతూ దేశసేవ చేస్తున్నవాడు, ముందుగా ఉపన్యసిస్తాడు. తర్వాత మైకు సత్యమ్మ చేతికిస్తాడు. ఆమె ఒకే మాట అనాలి: "ఇంకో కొడుకు ఉంటే వాన్ని గూడ ఇస్త." ఆ వెంటనే చప్పట్లు, శాలువా, జనగణమన, మిర్చి బజ్జీలు.

ఆ మాట మొదటి ఏడు నరసింహే ఆమె చెవిలో చెప్పాడు. కడుపుకోతలో ఉన్న మనిషి, చెప్పింది చెప్పినట్టు అనేసింది. తర్వాత అదే ఆచారమైంది. ఆమెకు మిగిలింది కూతురు సరళ ఒక్కతే కనుక, లేని కొడుకును ఏడాదికోసారి దేశానికివ్వడంలో ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఇంటినిండా శాలువాలు చేరాయి. ఒకటి మిక్సీ మీద కప్పారు, ఒకటి చలికాలంలో లేగదూడకు కప్పారు, మిగిలినవి పెట్టెలో పడ్డాయి.

ఈ ఏడు చిక్కొచ్చింది. సరళ కొడుకు శ్రవణ్, అమ్మమ్మ దగ్గరే ఉంటున్న పంతొమ్మిదేళ్లవాడు, తుర్కపల్లి మందుల కంపెనీలో డబ్బాలు సర్దే పని చాలించి మిలట్రీలో చేరతానన్నాడు. రాతపరీక్ష పాసయ్యాడు, పరుగు పరీక్ష మిగిలింది. రోజూ పొద్దున్నే సత్యమ్మే లేపితే, వెళ్లి గ్రౌండు చుట్టూ ఉరుకుతున్నాడు. గ్రౌండుకు ఎందుకో మొన్నటిదాకా ఆమెకు తెలియదు. తెలిశాక, ఎందుకురా ఈ పని అని అడిగింది.

"నువ్వే గదా అవ్వా, ఏటేటా మైకుల జెప్పేది," అన్నాడు వాడు, షూ లేసులు కట్టుకుంటూ.

అప్పటినుంచి సత్యమ్మకు కాలు నిలవలేదు. పొయ్యి మీద పాలు పెట్టి వాకిట్లోకి, వాకిట్లోంచి పెట్టె దగ్గరికి తిరిగింది. శాలువాలన్నీ తీసి మడతపెట్టింది, మళ్లీ తీసి మళ్లీ మడతపెట్టింది. పాలు పొంగిపోయాయి. చివరికి నరసింహ ఇంటికి వెళ్లి, ఈసారికి తనను మాట్లాడించవద్దని బతిమాలింది. ఆయన పరేషానై, ఫ్లెక్సీ వచ్చేసిందని చెప్పి విప్పి చూపించాడు. ఒక పక్క సత్యమ్మ, ఒక పక్క శ్రవణ్, పైన 'వీరమాత మాట, మనుమని బాట'. నడిమధ్యన, ఇద్దరికంటే పెద్దగా, నరసింహ. కొట్టించిన ఫ్లెక్సీని వెనక్కి తీసుకున్న చరిత్ర ఆ మండలంలో లేదు.

ఇరవై ఆరు రానే వచ్చింది. శ్రవణ్‌కు బంతిపూల దండ వేసి విగ్రహం పక్కనే నిలబెట్టారు. సత్యమ్మ కుర్చీలో కుదురుగా కూర్చోలేక మూడుసార్లు లేచింది. లేచినప్పుడల్లా మర్యాదగా కూర్చోబెట్టారు. మైకు వచ్చింది.

"నేను ఇయ్య," అంది సత్యమ్మ.

చప్పట్లు మోగాయి. పాతికేళ్లుగా ఆ చోట చప్పట్లే పడతాయి, వినే అలవాటు ఎవరికీ లేదు. నరసింహ శాలువా విప్పాడు. సత్యమ్మ మైకు వదల్లేదు.

"జర ఆగుండ్రి. ఇయ్యనన్న. లేని కొడుకునంటే ఇన్నేండ్లు ఇచ్చిన. ఉన్నోన్ని ఇయ్య. ఆ పక్క దేశంల గూడ నాలెక్క ఎవలో ఒకామె కుర్చీల కూసున్నది. ఆమెకు గూడ గీ మాటే నేర్పిండ్రేమో. ఆమె కొడుకు గూడ పోవద్దు. లడాయే వద్దు."

ఈసారి చప్పట్లు లేవు. బజ్జీల మూకుడు చప్పుడు స్పష్టంగా వినిపించింది. నరసింహ గబగబా శాలువా కప్పి, మైకు లాక్కుని, సత్యమ్మ వదినెకు బీపీ పెరిగిందని సభకు విన్నవించాడు. జనగణమన మామూలు కంటే కొంచెం వేగంగా సాగింది. శ్రవణ్ ఆమె కంటే పది అడుగులు ముందుగా ఇంటికి నడిచాడు. దండ మాత్రం తియ్యలేదు.

మర్నాడు అయిదింటికి వాడి ఫోన్లో అలారం మోగింది. సత్యమ్మ ఎప్పుడో లేచి గడపలో కూర్చుని ఉంది. వాణ్ణి లేపలేదు. అలారం ఆగింది, మళ్లీ మోగింది, మళ్లీ ఆగింది. కాసేపటికి శ్రవణ్ వచ్చి, షూ చేత్తో పట్టుకునే ఆమె పక్కన కూర్చున్నాడు.

"గ్రౌండ్ తడిగున్నట్టుంది అవ్వా."

వారం రోజులుగా చినుకు పడలేదు. సత్యమ్మ మబ్బు లేని ఆకాశం వంక చూసింది.

"అవు బిడ్డా, మస్తు బురదుంటది," అంది.

అన్నదే గానీ, రేపటికల్లా ఆ బురద ఎక్కడ ఆరిపోతుందోనని, కూర్చున్నచోట కూర్చోలేక లేచి మళ్లీ వాకిట్లోకి నడిచింది.