ఏటిసూతకంలో తుంగనాథ్

లాలాగూడ రైల్వే వర్క్‌షాపు గోడ వెనక ఉన్న బాలికల పాఠశాలలో లోవలక్ష్మి వ్యాయామ ఉపాధ్యాయిని. సికింద్రాబాద్‌లో ఇంటికొకరు కంప్యూటర్ కోర్సులో చేరుతున్న ఆ సంవత్సరాల్లో, ఆటల పీరియడ్‌ను లెక్కల టీచర్లు ఎత్తుకుపోవడం ఏ బడిలోనైనా రివాజు. ఆమె మాత్రం ఒక్కటీ వదులుకోలేదు. "తల ఒక్కటే పెరిగితే మెడ విరుగుతుందండీ" అని నవ్వి, పిల్లల్ని మైదానంలోకి నడిపించేది.

రెండువేల ఆరు వేసవిలో పదిమంది ఆడపిల్లల్ని హిమాలయాలకు తీసుకువెళ్ళాలన్న ఆలోచన ఆమెదే. హరిద్వార్ దాకా రైలు, అక్కడినుంచి చోప్తాకు బస్సు, ఆపైన తుంగనాథ్ శివాలయం మీదుగా చంద్రశిల శిఖరానికి కాలినడక. తమ్ముళ్ళు క్రికెట్ కోచింగ్‌కు పోతుంటే గేటు పట్టుకుని చూస్తూ నిలబడే పిల్లలు వాళ్ళు. అలవాటు కోసం లోవలక్ష్మి ఆదివారం పొద్దున్నే వాళ్ళను మౌలాలి గుట్ట ఎక్కించి దించేది. తల్లిదండ్రులు ఒప్పుకున్నది ఒకే ఒక్క షరతు మీద: లక్ష్మి టీచర్ వెంట ఉండాలి. ఆమె రాకపోతే ప్రయాణమే లేదు.

ఆమె రావడానికే వచ్చింది అడ్డు. భర్త రమణబాబు పోయి ఇంకా ఏడాది నిండలేదు. వాళ్ళది తుని వైపు కుటుంబం. చావు జరిగిన ఇంటివాళ్ళు ఏడాది తిరిగేదాకా కొండమీది దేవుణ్ణి దర్శించరు. సింహాచలం మెట్టు కూడా తొక్కరు. సంగతి చెవిన పడగానే బావగారు ఎల్లాజీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఇంటినీ ఆ ధోరణిలోనే నడిపేవాడు.

"ఏటమ్మా లక్ష్మీ, ఏటిసూతకంలో కొండెక్కుతావా?"

"ఎక్కుతాను బావగారూ."

"తమ్ముడు పోయి ఎన్నాళ్ళయిందని? మనోళ్ళు ఏటనుకుంటారు?"

"ఆయన పోయాకే కదా, మొన్న డిసెంబర్లో పైడిబాబు కంపెనీవాళ్ళతో మీరు ఇంటిల్లిపాదీ ఊటీ వెళ్ళొచ్చారు కదా, అప్పుడు మనోళ్ళేటనుకున్నారు? మంకీ టోపీతో మీరు దిగిన ఫొటో మీ టీవీ మీదే ఉంది."

ఎల్లాజీ టీ కప్పు కింద పెట్టాడు. పైడిబాబు అతని కొడుకు, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రమణబాబుకు మగపిల్లలు లేకపోవడంతో తలకొరివి పెట్టింది అతడే. నియమం ఎవరినైనా గట్టిగా పట్టి ఉంచవలసి వస్తే ముందుగా అతణ్ణే పట్టి ఉంచాలి.

"ఊటీకీ దీనికీ సాపత్యమేటి? అది దేవుడు లేని కొండ!"

"అయితే పేచీ కొండతో కాదు, దేవుడితోనన్నమాట. సరే, నేను గుడిలో అడుగు పెట్టను. పిల్లలు దర్శనం చేసుకొస్తారు, నేను బయట నిలబడతాను. తర్వాత అందరం శిఖరానికి పోతాం. ఇప్పుడేటంటారు?"

ఎల్లాజీ లేచి వెళ్ళిపోయాడు. ఆ వాదన లోవలక్ష్మికి ఎంతో ముచ్చటగా తోచింది. నియమమూ చెడలేదు, ప్రయాణమూ ఆగలేదు.

అతడు వెళ్ళింది ఇంటికి కాదు. హెడ్‌మిస్ట్రెస్ కామేశ్వరమ్మను కలిసి, "మా మరదలు రావడం లేదు, ఇంటిపెద్దగా చెబుతున్నాను" అని వచ్చాడు. ఆవిడ లక్ష్మిని ఒక్క మాటైనా అడగకుండా, ప్రయాణం రద్దయిందని చెప్పడానికి శనివారం తల్లిదండ్రుల్ని పిలిపించింది. ఆ పదిమందిలో ఒకతె అయిన తన కూతురు సుధ చెబితేగాని లోవలక్ష్మికి ఈ సంగతి తెలియలేదు.

"ఆయన ఇంటిపెద్ద కదమ్మా" అంది కామేశ్వరమ్మ, లోవలక్ష్మి వెళ్ళి అడిగితే.

"నాకు జీతమిచ్చేటప్పుడు మీరు ఇంటిపెద్దను పిలవరు కదండీ. రానన్న మాట నా నోటితో రావాలి. వచ్చిందా?"

రాలేదని ఒప్పుకోక ఆవిడకు తప్పలేదు.

శనివారం ప్రార్థన హాలు నిండింది. ఎల్లాజీ ముందు వరసలోనే కూర్చున్నాడు. లోవలక్ష్మి లేచి తాను వస్తున్నానని చెప్పింది. గుడి దగ్గర మాత్రం బయట ఉంటానని కూడా చెప్పింది. సీతాఫల్‌మండి నుంచి వచ్చిన విమలమ్మ చెయ్యెత్తింది.

"జెర ఆగున్రి మేడం. మీరు బయటనే ఉంటే లోపల మా పోరిని ఎవరు చూస్తరు? మస్తు మంది ఉంటరంట, తోపులాటంట. మేం మిమ్మల్ని చూసి పంపుతున్నం, ఇంకొకల్ని చూసి కాదు."

ఎల్లాజీ నోరు మూయించిన వాదన ఆ తల్లి ప్రశ్న ముందు నిలవలేదు. తాను నియమాన్ని ఎదిరించలేదనీ, ఒక పక్కకు ఒదిగి దాని పక్కనుంచి దూరిపోవాలని చూసిందనీ లోవలక్ష్మికి అప్పుడు అర్థమైంది.

"చూసేవా? వచ్చే ఏడు వెళ్దురుగాని" అన్నాడు ఎల్లాజీ, కాస్త మెత్తగానే.

వచ్చే ఏడు వీళ్ళు పదో తరగతి. ఆపైన ఇంటర్, ఎంసెట్ కోచింగ్, పెళ్ళిచూపులు. ఆడపిల్లకు వచ్చే ఏడన్న మాటకు ఎన్నడూ వద్దనే అర్థం.

"నేనూ లోపలికి వస్తాను విమలమ్మగారూ. మీ పిల్ల చెయ్యి నా చేతిలోనే ఉంటుంది."

ఎల్లాజీ లేచి నిలబడ్డాడు. "గుడిలోకా?"

"గుడిలోకే. మా ఆయన మంచాన పడ్డన్నాళ్ళూ మలమూత్రాలు ఒంటిచేత్తో ఎత్తిపోశాను. అప్పుడు నా దగ్గరికి ఏ నియమమూ రాలేదు. ఇప్పుడు నాకు మైలుందంటే ఆ మాట శివుణ్ణే అననీండి. శ్మశానంలో కాపురముండేవాడు, మైల సంగతి ఆయనకు మీకన్నా బాగా తెలుసు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఎల్లాజీ ముఖం నల్లబడింది.

"అయితే విను. సంవత్సరీకం నా కొడుకు పెట్టడు. నా తమ్ముడికి పిండం లేకుండా చేసింది నువ్వే అవుతావు."

ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. ఆమె కుర్చీ వీపు పట్టుకుంది.

"నేను పెడతాను పెదనాన్నా" అంది సుధ, పిల్లల వరసలోంచి.

"ఆడపిల్లవి, నువ్వు పెట్టడమేటే?"

"మరి నాన్న నాకే కదా నాన్న!"

లోవలక్ష్మి కూతురివైపు చూడలేదు. చూస్తే కళ్ళు తన మాట వినవని తెలుసు. "అది మా ఇద్దరం ఇంట్లో తేల్చుకుంటాం బావగారూ. కూర్చుంటే కూర్చోండి, లేదంటే వెళ్ళిరండి. ఇక్కడ పిల్లల ప్రయాణం మాట్లాడుకుంటున్నాం."

అతడు వెళ్ళిపోయాడు. తల్లిదండ్రుల్లో ఒక్కరూ అతని వెంట లేవలేదు. ఆమె వాళ్ళవైపు తిరిగింది.

"చలి సంగతి చెబుతాను, వినండి. నైలాన్ సాక్సులు పనికిరావు. జనరల్ బజార్లో ఉన్నివి దొరుకుతాయి, అవే కొనండి."

సాక్సులయ్యాక ఏ బూట్లు కొనాలో చెప్పడం మొదలుపెట్టింది.